అప్‌గ్రేడ్‌లో మీ కాన్ఫిగ్ ఫైళ్లు పోకుండా: డెబియన్, ఉబుంటు సర్వర్లకు సమగ్ర మార్గదర్శి

"వై నొక్కాలా, ఎన్ నొక్కాలా?" సర్వర్ అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయి ఈ ప్రశ్న అడిగేవాళ్లు నాకు నెలకు ఒకరైనా తగులుతారు. స్క్రీన్‌షాట్ వస్తుంది, దాని కింద "అర్జెంట్" అని ఉంటుంది. సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలును మీరు మార్చి ఉంటే, మీది ఉంచాలా (ఎన్), ప్యాకేజీ తెచ్చిన కొత్తది పెట్టాలా (వై) అని సిస్టమ్ అడిగే ప్రశ్న అది. అప్పటికి ఆ సర్వర్‌లో సగం ప్యాకేజీలు కొత్తవి, సగం పాతవి. ఆ స్థితిలో ఎవరికైనా సరైన సలహా చెప్పడం కష్టమే. ఆ జవాబు ముందు రోజే మీ దగ్గర ఉండాల్సింది.

అందుకే ఈ గైడ్‌లో సగానికి పైగా అప్‌గ్రేడ్ మొదలుపెట్టక ముందు చేసే పనే ఉంటుంది. కమాండ్లు, ఫైళ్ల పేర్లు పలికే తీరులో తెలుగులోనే రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

## 1. ప్రశ్న ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు

డెబియన్‌లో ప్యాకేజీలను విప్పి అమర్చే ప్రోగ్రామ్ డీపీకేజీ. ఆప్ట్ ప్యాకేజీలను దించుకుని పైనుంచి పని పురమాయిస్తుంది, అమర్చే పని చేసేది ఇదే. కొన్ని ఫైళ్లకు అది "కాన్ఫ్‌ఫైల్" అని గుర్తు పెట్టుకుంటుంది. ప్యాకేజీ /ఈటీసీ కింద పెట్టే ఫైళ్లు మామూలుగా ఈ జాబితాలోకే వస్తాయి.

అప్‌గ్రేడ్ సమయంలో అది మూడింటిని పోల్చి చూస్తుంది: పాత ప్యాకేజీ ఇచ్చిన ఫైలు, ఇప్పుడు మీ డిస్క్ మీద ఉన్న ఫైలు, కొత్త ప్యాకేజీ తెచ్చిన ఫైలు. పాత ఫైలు మొత్తాన్ని అది దాచిపెట్టదు. దాని ఎండీ5 చెక్‌సమ్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) ఒక్కటే /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్‌లో ఉంటుంది. ఈ సంగతి 6వ భాగంలో మళ్లీ పనికొస్తుంది.

- మీరు ముట్టుకోలేదు, ప్యాకేజీ మార్చింది: అడగకుండానే కొత్తది పెట్టేస్తుంది.
- మీరు మార్చారు, ప్యాకేజీ మార్చలేదు: అడగకుండానే మీది ఉంచుతుంది.
- ఇద్దరూ మార్చారు: అప్పుడే ప్రశ్న వస్తుంది.
- మీరు ఫైలునే తీసేశారు, ప్యాకేజీ మార్చలేదు: మీరు కావాలనే తీసేశారనుకుని మళ్లీ పెట్టదు.

చివరిది చాలామందికి తెలియదు. "ఫైలు పాడైంది, డిలీట్ చేసి ప్యాకేజీ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, అయినా రావడం లేదు" అనే ఫిర్యాదుకు కారణం ఇదే. మందు 9వ భాగంలో ఉంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది, దాని పేరు యూసీఎఫ్. కొన్ని ప్యాకేజీలు తమ కాన్ఫిగ్‌ను డీపీకేజీకి అప్పగించకుండా ఇన్‌స్టాల్ సమయంలో స్క్రిప్టుతో తయారు చేసుకుంటాయి. ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్, /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్, పీహెచ్‌పీ.ఐఎన్‌ఐ ఈ కోవలోవి. వీటికి వచ్చే ప్రశ్న తెర వేరుగా, మెనూలా ఉంటుంది. మిగిలే ఫైళ్ల పేర్లూ వేరు. రెండు రకాలూ ఉన్నాయని గుర్తుంటే సగం అయోమయం తగ్గుతుంది.

## 2. ముందు రోజు: ఏం మార్చారో జాబితా తీయండి

రెండేళ్ల క్రితం ఏ ఫైలులో ఏ లైను మార్చారో ఎవరికీ గుర్తుండదు. నాకూ ఉండదు. కాబట్టి జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా సిస్టమ్‌నే అడగాలి.

సుడోతో "డీపీకేజీ --వెరిఫై" కొట్టండి. తేడా ఉన్న ఫైళ్లు మాత్రమే కనిపిస్తాయి. వరుస మొదట్లో ప్రశ్నార్థకాల మధ్య 5 అంకె ఉంటే చెక్‌సమ్ మారిందని అర్థం. దాని పక్కన "సి" అక్షరం ఉంటే అది కాన్ఫిగ్ ఫైలు. సి లేకుండా /యూఎస్‌ఆర్ కింద ఫైలు కనిపిస్తే అది వేరే తలనొప్పి. ఎవరో ప్యాకేజీ ఫైలునే చేత్తో మార్చారు. అప్‌గ్రేడ్ దాన్ని అడక్కుండా తుడిచేస్తుంది.

డెబ్‌సమ్స్ ప్యాకేజీ వేసుకుంటే "డెబ్‌సమ్స్ -సీఈ" అన్న కమాండ్ మారిన కాన్ఫిగ్ ఫైళ్ల పేర్లు మాత్రమే శుభ్రంగా ఇస్తుంది. నేను దీన్నే వాడతాను. అయితే ఈ రెండు కమాండ్లకూ యూసీఎఫ్ ఫైళ్లు కనబడవు. వాటికి "యూసీఎఫ్‌క్యూ" కమాండ్‌కు ఫైలు దారి ఇస్తే, మారిందో లేదో చెబుతుంది.

తర్వాతి పని ఈటీసీకీపర్. ఇది /ఈటీసీ మొత్తాన్ని గిట్ రిపాజిటరీగా, అంటే మార్పుల చరిత్ర దాచే ఫోల్డర్‌గా మారుస్తుంది. డెబియన్‌లో ఇన్‌స్టాల్ చేయగానే మొదటి కమిట్ కూడా అదే వేస్తుంది. ఆ తర్వాత ఆప్ట్ నడిచిన ప్రతిసారీ ముందొకటి, వెనకొకటి కమిట్ పడుతుంది. ఎవరు ఏ లైను ఎప్పుడు మార్చారన్నది గిట్ లాగ్‌లో దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: పాస్‌వర్డ్ హాష్‌లుండే షాడో ఫైలు కూడా అందులోకి వెళ్తుంది. ఆ రిపాజిటరీని బయట ఎక్కడికీ పుష్ చేయకండి.

ముందు రోజు చెక్‌లిస్ట్:

☐ మారిన ఫైళ్ల జాబితా ఒక టెక్స్ట్ ఫైలులో ఉంది
☐ ఒక్కో ఫైలు పక్కన "ఎందుకు మార్చాం" అని ఒక్క ముక్క రాసి ఉంది
☐ ఈటీసీకీపర్ నడుస్తోంది, కమిట్ కాని మార్పులు లేవు
☐ /ఈటీసీ కాపీ ఇంకో మెషిన్‌లో ఉంది
☐ ఎస్‌ఎస్‌హెచ్ పోయినా లోపలికి వెళ్లే కన్సోల్ దారి ఉంది, దాని పాస్‌వర్డ్ పనిచేస్తోందని ఇవాళే చూశారు
☐ పాత ప్యాకేజీ అప్‌గ్రేడ్ల నుంచి మిగిలిన ఫైళ్లు ఏవీ లేవు (6వ భాగం)

రెండోదాన్ని చాలామంది దాటేస్తారు. ఎందుకు మార్చారో తెలియని లైనును ఉంచాలా తీయాలా అన్నది అర్ధరాత్రి తేల్చుకోలేరు. అమెరికా క్లయింట్ల సర్వర్లు చూసేవాళ్లకు ఆ అర్ధరాత్రి మన పగలే కావచ్చు, అయినా టెన్షన్ మాత్రం అంతే.

## 3. మీ మార్పులను పక్క ఫైలులోకి తరలించండి

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. ప్యాకేజీ ఇచ్చిన ఫైలును మీరు ముట్టుకోకపోతే ప్రశ్నే రాదు. ఇప్పుడు చాలా ప్రోగ్రామ్‌లు ".డీ" తో ముగిసే ఫోల్డర్ ఇస్తున్నాయి. మీ రెండు లైన్లు అందులో మీ సొంత ఫైలుగా పెట్టుకుని, అసలు ఫైలును ప్యాకేజీకి వదిలేయడమే.

వినడానికి తేలిక. ఒక చిక్కుంది: ఏ ఫైలు మాట నెగ్గుతుందన్నది ప్రోగ్రామ్‌ను బట్టి మారుతుంది. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ ఇక్కడివే.

ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్. ఫోల్డర్ /ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్/ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ. ఇక్కడ మొదట కనిపించిన విలువే చెల్లుతుంది. అసలు ఫైలు పైభాగంలోనే ఇన్‌క్లూడ్ లైను ఉంటుంది కాబట్టి మీ ఫైలు ముందు చదువుతుంది, మీ మాటే నెగ్గుతుంది. కానీ క్లౌడ్ సర్వర్లలో 50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్ అని ఒక ఫైలు తరచూ అక్కడే ఉంటుంది, పాస్‌వర్డ్ లాగిన్ సంగతి అందులో ఉంటుంది. మీరు అలవాటుగా 99 అంకెతో పేరు పెట్టి పాస్‌వర్డ్ లాగిన్ ఆపేశాననుకుంటే, ఆగదు. 50 ముందు చదివేసింది. 10 తో పేరు పెట్టండి. తర్వాత "ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ" అని పెద్ద టీతో కొడితే అన్నీ కలిపాక మిగిలే చివరి సెట్టింగులు చూపిస్తుంది. అందులో చూశాకే నమ్మండి.

పోర్ట్ సెట్టింగ్ ఈ సూత్రానికి లొంగదు. రెండు చోట్ల రెండు పోర్టులు రాస్తే రెండింటి మీదా వింటుంది. పైగా ఉబుంటు 24.04లో ఎస్‌ఎస్‌హెచ్ సాకెట్ ద్వారా మొదలవుతుంది. పోర్ట్ మార్చాక "సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్" కొట్టి, ఎస్‌ఎస్‌హెచ్.సాకెట్‌ను రీస్టార్ట్ చేయాలి.

కెర్నల్ సెట్టింగులు. ఫోల్డర్ /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ. ఇక్కడ అంతా తలకిందులు, చివరిది నెగ్గుతుంది. కాబట్టి ఇక్కడ 99 సరైనదే.

పీహెచ్‌పీ. కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో 99-లోకల్.ఐఎన్‌ఐ. ఇక్కడా చివరిదే చెల్లుబాటు.

సిస్టమ్‌డీ సర్వీసులు. /లిబ్ లేదా /యూఎస్‌ఆర్/లిబ్ కింద ఉన్న సర్వీస్ ఫైలును ఎప్పుడూ ముట్టుకోవద్దు. "సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్" తర్వాత సర్వీస్ పేరు ఇస్తే ఓవర్‌రైడ్.కాన్ఫ్ తెరుచుకుంటుంది. ఎగ్జెక్‌స్టార్ట్ మార్చాలంటే ముందు "ఎగ్జెక్‌స్టార్ట్=" అని ఖాళీ లైను రాసి, కింద కొత్తది రాయాలి. లేకపోతే ఒక సర్వీసుకు రెండు ఎగ్జెక్‌స్టార్ట్‌లు ఉన్నాయని అది మొరాయిస్తుంది.

ఎంజిన్‌ఎక్స్. కాన్ఫ్.డీలో పెట్టుకోవచ్చు, కానీ ఇది నెగ్గడం-ఓడడం ఆట కాదు. అసలు ఎంజిన్‌ఎక్స్.కాన్ఫ్‌లో జీజిప్ ఆన్ అని ఉండగా మీ ఫైలులోనూ జీజిప్ లైను రాస్తే "డైరెక్టివ్ ఈజ్ డూప్లికేట్" అంటూ మొదలవ్వడానికే ఒప్పుకోదు. ఆ సెట్టింగులను మీ సైట్ ఫైలులో సర్వర్ బ్లాక్ లోపల రాసుకోండి.

తరలించాక అసలు ఫైలును పాత స్థితికి తేవాలి, ఈ మెట్టు మరిచిపోతారు. ప్యాకేజీ డెబ్ ఫైలు విప్పి, అందులోని అసలు ఫైలును పైన కాపీ చేయండి. మళ్లీ డెబ్‌సమ్స్ నడిపితే ఆ పేరు జాబితాలోంచి పోవాలి.

పక్క ఫోల్డర్ సౌకర్యం లేని ప్రోగ్రామ్‌లు కొన్ని మిగులుతాయి. వాటికి మిగతా భాగాలు.

## 4. అప్‌గ్రేడ్ రోజు వరుస

1. టీమక్స్ లేదా స్క్రీన్ తెరవండి. నెట్ తెగినా ప్రశ్న తెర మీదే ఆగి ఉంటుంది.
2. ఇంకో టెర్మినల్‌లో రెండో ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ తెరిచి రూట్‌గా ఉంచండి. పని పూర్తయ్యి కొత్త లాగిన్ పనిచేస్తుందని చూసేదాకా దాన్ని మూయొద్దు.
3. "ఆప్ట్ అప్‌డేట్" తర్వాత, ముందు ప్యాకేజీలను దించుకోవడం మాత్రమే చేయండి. "ఆప్ట్-గెట్ -డి అప్‌గ్రేడ్" అంటే ఇన్‌స్టాల్ చేయకుండా /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్‌లో పెడుతుంది.
4. 2వ భాగంలోని జాబితాలో ఉన్న ప్యాకేజీలకు మాత్రం "డీపీకేజీ-డెబ్ -ఎక్స్" తో డెబ్‌ను ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పి, కొత్త ఫైలును మీ ఫైలుతో పోల్చండి. యూసీఎఫ్ ఫైళ్లు డెబ్‌లో /ఈటీసీ కింద దొరకవు. వాటి నమూనా /యూఎస్‌ఆర్/షేర్ కింద వెతకాలి.
5. ఆప్ట్-లిస్ట్‌చేంజెస్ వేసుకుని ఉంటే ముఖ్యమైన మార్పుల నోట్స్ ముందే చూపిస్తుంది. చదవండి.
6. అప్పుడు "ఆప్ట్ అప్‌గ్రేడ్".

నాలుగో మెట్టు ఎందుకంటే, ఉత్తుత్తి అప్‌గ్రేడ్ చేసి చూపించే "-ఎస్" ఆప్షన్ ఏ ప్యాకేజీలు మారతాయో చెబుతుంది గానీ ఏ ఫైలు దగ్గర ప్రశ్న వస్తుందో చెప్పదు. నాలుగైదు ఫైళ్లకు పది నిమిషాల పని.

ఉబుంటులో ఒక విడుదల నుంచి ఇంకో విడుదలకు "డూ-రిలీజ్-అప్‌గ్రేడ్" తో వెళ్తుంటే, ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉన్నారని గమనించి అది 1022 పోర్టులో అదనపు ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ తెరుస్తానంటుంది. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు ముందే తెరవకపోతే ఆ సాయం ఉన్నా లేనట్టే.

## 5. ప్రశ్న తెర మీదికి వచ్చాక

లాగ్‌రొటేట్.కాన్ఫ్‌లో నేను వీక్లీని డైలీ చేసి, 4 బదులు 14 ఫైళ్లు ఉంచమన్నాననుకోండి. కొత్త ప్యాకేజీ కూడా ఆ ఫైలును కాస్త మార్చింది. తెర మీద వచ్చే మాటల సారాంశం ఇది:

> ఈ ఫైలును ఇన్‌స్టాల్ తర్వాత మీరో, ఏదో స్క్రిప్టో మార్చారు. ప్యాకేజీ వాళ్లు కొత్తది పంపారు.
> వై లేదా ఐ: ప్యాకేజీ వాళ్లది పెట్టు
> ఎన్ లేదా ఓ: మీది ఉంచు
> డి: తేడా చూపించు
> జెడ్: షెల్ తెరువు
> ఏమీ నొక్కకుండా ఎంటర్ కొడితే: ఎన్

మొదట ఎప్పుడూ డి నొక్కండి. మైనస్ గుర్తున్నవి మీ లైన్లు, వై నొక్కితే పోయేవి. ప్లస్ గుర్తున్నవి వచ్చేవి.

> - డైలీ
> + వీక్లీ
> - రొటేట్ 14
> + రొటేట్ 4
> + # (కొత్త కామెంట్ లైను)

ఇక్కడే చాలామంది తికమకపడతారు. "ప్యాకేజీ వాళ్లు డైలీని వీక్లీ చేశారు" అనుకుంటారు. చేయలేదు. మొదటి నుంచీ అది వీక్లీయే, మార్చింది మీరు. ఈ డిఫ్‌లో మీ మార్పులూ వాళ్ల మార్పులూ కలగాపులగంగా ఉంటాయి. మీ జాబితా పక్కన పెట్టుకుని మీ లైన్లు కొట్టేస్తూ పోతే మిగిలేదే వాళ్ల అసలు మార్పు. పై ఉదాహరణలో అది ఒక్క కామెంట్. ఎన్ కొట్టి ముందుకు పోవచ్చు.

వాళ్ల మార్పు ముఖ్యమైనదైతే జెడ్ నొక్కండి. షెల్‌లో మీ ఫైలు పక్కనే .డీపీకేజీ-న్యూ అన్న పేరుతో కొత్త ఫైలు ఉంటుంది. మీ ఫైలు తెరిచి అవసరమైన కొత్త లైన్లు చేర్చి, సేవ్ చేసి, "ఎగ్జిట్" కొడితే మళ్లీ అదే ప్రశ్నకు వస్తారు. అప్పుడు ఎన్ నొక్కాలి. వై నొక్కితే మీరిప్పుడే కలిపిన ఫైలు పక్కకు పోయి వాళ్లది వచ్చేస్తుంది.

యూసీఎఫ్ మెనూలో ఇవే ఎంపికలు పొడుగ్గా ఉంటాయి. తేడాను పక్కపక్కన చూపించమనే ఎంపిక ఉంటుంది. కొన్ని ప్యాకేజీలకు మూడు ఫైళ్లను కలిపే ఎంపిక కూడా వస్తుంది, దాన్ని వాడితే ఫలితాన్ని తప్పకుండా తెరిచి చూడండి.

ఏది నొక్కాలో ఒక అంచనా:

- మీ మార్పులు ఉన్నాయి, వాళ్లది చిన్న మార్పు: ఎన్.
- మార్పు మీది కాదు, ఏదో స్క్రిప్ట్ చేసింది, దానితో మీకు పనిలేదు: వై.
- ఫైలు ఫార్మాటే మారింది: వై, తర్వాత మీ లైన్లు కొత్త పద్ధతిలో చేర్చాలి.
- ఏమీ తేల్చుకోలేకపోతున్నారు: ఎన్. రాసిపెట్టుకోండి.

ప్రశ్న ఎదురుగా ఉండగా టీకి వెళ్లకండి. ఆ ప్యాకేజీ అప్పటికి విప్పి ఉంది, అమర్చడం పూర్తికాలేదు. దాని సర్వీసు ఆ సమయంలో ఆగి ఉండొచ్చు.

నేనొకసారి ఇక్కడే దెబ్బతిన్నాను. ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ ప్రశ్న వచ్చింది. డిఫ్‌లో ఛాలెంజ్‌రెస్పాన్స్‌ఆథెంటికేషన్ అన్న పాత పేరు పోయి కేబీడీఇంటరాక్టివ్‌ఆథెంటికేషన్ అన్న కొత్త పేరు కనిపించింది. పేరు మారిందంతే కదా అని కొత్త ఫైలుకు ఒప్పుకున్నాను. డిఫ్‌లో రెండు తెరల పైన మా పోర్ట్ 2222 లైను కూడా మైనస్‌లో ఉంది, పైకి స్క్రోల్ చేయలేదు. ఎస్‌ఎస్‌హెచ్ 22కి పోయింది, ఫైర్‌వాల్‌లో 22 మూసి ఉంది. తెరిచి ఉంచిన పాత సెషన్ కాపాడింది గానీ, అది కూడా లేకపోతే ఆ రోజు కన్సోల్ పాస్‌వర్డ్ కోసం ఎవరినో నిద్రలేపాల్సి వచ్చేది.

## 6. ఎన్ నొక్కాక మిగిలే పని

ఇల్లు అలకగానే పండుగ కాదు. ఎన్ నొక్కితే కొత్త ఫైలు .డీపీకేజీ-డిస్ట్ తోకతో పక్కన మిగులుతుంది. వై నొక్కితే మీ పాతది .డీపీకేజీ-ఓల్డ్‌గా మిగులుతుంది. యూసీఎఫ్ అయితే .యూసీఎఫ్-డిస్ట్, .యూసీఎఫ్-ఓల్డ్.

ఇవి తీరని బాకీలు. పైగా డీపీకేజీ ఇదే వెర్షన్ గురించి రెండోసారి అడగదు. ప్యాకేజీ వాళ్లు ఆ ఫైలును మళ్లీ మార్చినప్పుడే తిరిగి అడుగుతుంది. అంటే మీరు "తర్వాత చూద్దాం" అనుకున్నది గుర్తుచేసే దిక్కు లేదు. ఈటీసీకీపర్ కూడా ఈ తోకల ఫైళ్లను గిట్‌లోకి తీసుకోదు, గిట్ స్టేటస్‌లో కనిపించవు.

వెతకడానికి ఫైండ్ కమాండ్ వాడండి: /ఈటీసీ కింద పేరులో ".డీపీకేజీ-" లేదా ".యూసీఎఫ్-" ఉన్నవన్నీ.

ఒక్కోదానికి వరుస:

1. "విమ్‌డిఫ్" లేదా "డిఫ్ -యు" తో మీ ఫైలు, డిస్ట్ ఫైలు పక్కపక్కన చూడండి.
2. కావాల్సిన కొత్త లైన్లు మీ ఫైలులోకి తెండి.
3. ఆ ప్రోగ్రామ్ సొంత పరీక్ష నడపండి (కింద ఉన్నాయి).
4. సర్వీసును రీలోడ్ చేసి, లాగ్ చూడండి.
5. డిస్ట్ ఫైలు తీసేయండి. ఈటీసీకీపర్‌తో కమిట్ చేయండి, మెసేజ్‌లో కారణం రాయండి.

తేడా వంద లైన్లు దాటితే కంటితో కలపడం కుదరదు. అప్పుడు పాత ప్యాకేజీ ఇచ్చిన అసలు ఫైలు కావాలి. డీపీకేజీ దగ్గర చెక్‌సమ్ ఉందే తప్ప ఫైలు లేదని చెప్పాను కదా. ఆర్కైవ్స్ ఫోల్డర్‌లో పాత డెబ్ ఉంటుందనుకుంటే, "ఆప్ట్" కమాండ్ పని అయ్యాక దించిన డెబ్‌లను తీసేస్తుంది. "ఆప్ట్-గెట్" అయితే ఉంచుతుంది. లేకపోతే డెబియన్ స్నాప్‌షాట్ ఆర్కైవ్‌లో, ఉబుంటుకైతే లాంచ్‌ప్యాడ్‌లో పాత వెర్షన్లు దొరుకుతాయి. దొరికాక "డిఫ్3 -ఎమ్" కు ఈ వరుసలోనే ఇవ్వండి: మీ ఫైలు, పాత అసలు ఫైలు, కొత్త ఫైలు. ఢీకొట్టని మార్పులన్నీ అదే కలిపేస్తుంది, ఢీకొన్న చోట గుర్తులు పెడుతుంది.

కలిపిన ఫైలును వేరే చోట తయారు చేసి ఎంవీతో పైన పెట్టొద్దు. ఓనర్, పర్మిషన్లు మారిపోతాయి. ఉన్న ఫైలులోకే సీపీతో కాపీ చేయండి.

పరీక్ష కమాండ్లు:

- ఎస్‌ఎస్‌హెచ్: ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ (చిన్న టీ)
- ఎంజిన్‌ఎక్స్: ఎంజిన్‌ఎక్స్ -టీ
- అపాచీ: అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్
- సుడో: వైసుడో -సి
- పోస్ట్‌ఫిక్స్: పోస్ట్‌ఫిక్స్ చెక్
- బైండ్: నేమ్‌డ్-చెక్‌కాన్ఫ్
- సాంబా: టెస్ట్‌పార్మ్

## 7. ప్రశ్న రాకుండానే పాడయ్యేవి

పెద్ద విడుదల మారేటప్పుడు ప్రశ్నలన్నింటికీ సరిగ్గా జవాబిచ్చినా కొన్ని జారిపోతాయి. డెబియన్ 12 నుంచి 13కు వెళ్లేవాళ్లు వీటిని ముందే చూసుకోవాలి.

పీహెచ్‌పీ. 8.2 నుంచి 8.4కు మారుతుంది. ఫోల్డర్ పేరులోనే వెర్షన్ ఉంటుంది కాబట్టి 8.4 ఫోల్డర్ కొత్తగా, శుభ్రంగా వస్తుంది. అప్‌లోడ్ పరిమితి, మెమొరీ పరిమితి, ఎఫ్‌పీఎం పూల్ సెట్టింగులు అన్నీ 8.2 ఫోల్డర్‌లోనే ఉండిపోతాయి. ఎర్రర్ ఏదీ రాదు. రెండు రోజుల తర్వాత ఎవరో "ఫొటో అప్‌లోడ్ అవ్వట్లేదు" అంటారు.

పోస్ట్‌గ్రెస్. 15 నుంచి 17కు. ఇదీ వెర్షన్ ఫోల్డరే. "పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్" వాడితే డేటాతో పాటు కాన్ఫిగ్‌నూ తరలిస్తుంది.

సిస్‌సీటీఎల్.కాన్ఫ్. డెబియన్ 13లో బూట్ సమయంలో /ఈటీసీ/సిస్‌సీటీఎల్.కాన్ఫ్‌ను చదవడం మానేశారు. అందులో మీరు రాసుకున్న లైన్లు ఇక పనిచేయవు. ఐపీ ఫార్వర్డింగ్ అందులో పెట్టుకున్న వీపీఎన్ సర్వర్లు రీబూట్ తర్వాత మూగబోతాయి. లైన్లను సిస్‌సీటీఎల్.డీలోకి మార్చండి.

డవ్‌కాట్. 2.4 వెర్షన్ కాన్ఫిగ్ ఫార్మాట్ 2.3తో కుదరదు. ఇక్కడ ఎన్ నొక్కి మీ పాత ఫైలు ఉంచుకోవడమే తప్పు జవాబు. 2.4 ఫైలులో మొదటి సెట్టింగ్‌గా కాన్ఫిగ్ వెర్షన్ ఉండాలి, లేకపోతే సర్వీసు లేవదు. మెయిల్ సర్వర్ ఉంటే కొత్త ఫైలును వేరే మెషిన్ మీద రాసి, నడిపి చూసి, అప్పుడు అప్‌గ్రేడ్‌కు దిగండి.

## 8. మనిషి లేకుండా జరిగే అప్‌గ్రేడ్

స్క్రిప్టుల్లో "డెబియన్_ఫ్రంట్‌ఎండ్=నాన్‌ఇంటరాక్టివ్" పెట్టి ధీమాగా ఉంటారు. కాన్ఫ్‌ఫైల్ ప్రశ్నను అది ఆపదు. జవాబిచ్చే టెర్మినల్ లేక డీపీకేజీ ఎర్రర్‌తో మధ్యలో పడిపోతుంది.

దానితో పాటు ఆప్ట్‌కు రెండు డీపీకేజీ ఆప్షన్లు ఇవ్వాలి: --ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్, --ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్. మొదటిది, డిఫాల్ట్ చర్య ఉన్న చోట దాన్నే తీసుకోమంటుంది. రెండోది, లేని చోట పాతది ఉంచమంటుంది. యూసీఎఫ్‌కు ఇవి వర్తించవు. దానికి యూసీఎఫ్_ఫోర్స్_కాన్ఫ్‌ఫోల్డ్ అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చేయాలి. చివరి ముక్క కాన్ఫ్‌ఫోల్డ్‌లో ఎఫ్ అక్షరం రెండుసార్లు వస్తుంది. ఒక్క ఎఫ్‌తో రాస్తే ఎర్రర్ రాదు, పనీ చేయదు.

అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ వాడేవాళ్లకు ఇంకో మెలిక. ప్రశ్న వచ్చే ప్యాకేజీని అది గుర్తించి పక్కన పెట్టేస్తుంది. పై ఆప్షన్లు ఆప్ట్ కాన్ఫిగ్‌లో లేకపోతే ఆ ప్యాకేజీ సెక్యూరిటీ అప్‌డేట్ నెలల తరబడి పడకపోవచ్చు. దాని లాగ్‌ను అప్పుడప్పుడు తెరవండి.

ఫోర్స్ ఆప్షన్లు పెట్టుకున్నవాళ్లు 6వ భాగంలోని ఫైండ్ కమాండ్‌ను వారానికోసారి క్రాన్‌లో నడిపి, ఏమైనా దొరికితే మెయిల్ వచ్చేలా చేసుకోండి. --ఫోర్స్-కాన్ఫ్‌న్యూ జోలికి మాత్రం ప్రొడక్షన్ సర్వర్‌లో వెళ్లొద్దు.

## 9. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

పొరపాటున వై నొక్కారు. .డీపీకేజీ-ఓల్డ్ పక్కనే ఉంది. డిఫ్ చూసి మీ లైన్లు తిరిగి పెట్టండి. సర్వీస్ రీస్టార్ట్ అయ్యాక కాదు, వెంటనే, రెండో సెషన్‌లోంచి.

ఏం నొక్కారో గుర్తులేదు. /వార్/లాగ్/ఆప్ట్/టర్మ్.లాగ్ తెరవండి. తెర మీద వచ్చిందంతా, మీ జవాబుతో సహా అక్కడుంటుంది.

ప్రశ్న దగ్గర ఉండగా కనెక్షన్ తెగింది. "డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ" కొట్టండి. అదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

సైట్స్-ఎనేబుల్డ్‌లో బ్యాకప్ ఫైలు వదిలేశారు. డెబియన్ ఎంజిన్‌ఎక్స్ ఆ ఫోల్డర్‌లోని ప్రతి ఫైలునూ చదువుతుంది, తోక ఏదైనా సరే. .బ్యాక్, .ఓల్డ్ కాపీలు కూడా లైవ్ అయిపోతాయి. కాన్ఫ్.డీలో ఈ గొడవ లేదు, అక్కడ .కాన్ఫ్ తోక ఉన్నవే చదువుతుంది.

సుడోయర్స్.డీలో పెట్టిన ఫైలు పనిచేయడం లేదు. పేరులో చుక్క ఉంటే సుడో దాన్ని పట్టించుకోదు. లోకల్.కాన్ఫ్ అని పెట్టి ఉంటారు. చుక్క తీసేయండి.

డిలీట్ చేసిన కాన్ఫిగ్ రావడం లేదు. "ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్" తో పాటు డీపీకేజీకి --ఫోర్స్-కాన్ఫ్‌మిస్ ఆప్షన్ ఇవ్వండి. లేని ఫైళ్లను మాత్రమే తిరిగి పెడుతుంది.

ఫ్రెష్‌గా మొదలుపెడదామని పర్జ్ చేశారు. రిమూవ్ కాన్ఫిగ్‌ను ఉంచుతుంది, పర్జ్ తుడిచేస్తుంది. ఈటీసీకీపర్ ఉంటే పాత కమిట్‌లోంచి తెచ్చుకోవచ్చు. లేకపోతే ముందు రోజు తీసిన కాపీ.

## 10. వేరే డిస్ట్రోలు వాడేవాళ్లకు

రెడ్‌హ్యాట్, ఫెడోరా కుటుంబంలో ప్రశ్నే రాదు. ప్యాకేజీ తయారుచేసినవాళ్లు ఆ ఫైలుకు "నోరీప్లేస్" గుర్తు పెట్టి ఉంటే మీది ఉంటుంది, కొత్తది .ఆర్‌పీఎంన్యూ అవుతుంది. పెట్టకపోతే కొత్తది వచ్చి మీది .ఆర్‌పీఎంసేవ్ అవుతుంది. ముందు వెతకాల్సింది .ఆర్‌పీఎంసేవ్ ఫైళ్లనే, మీ సెట్టింగులు పోయింది అక్కడే. "ఆర్‌పీఎంకాన్ఫ్ -ఎ" ఒక్కోదాన్నీ చూపిస్తూ అడుగుతుంది.

ఆర్చ్‌లో .పాక్‌న్యూ, .పాక్‌సేవ్. ప్యాక్‌మన్-కాంట్రిబ్ ప్యాకేజీలోని "పాక్‌డిఫ్" తో తేల్చుకోవాలి. అక్కడ రోజూ అప్‌డేట్లే కాబట్టి పోగుపడనివ్వకుండా ఆ రోజుదారోజే చూసుకోవడం మేలు.